కీమో రోజుల్లో నెలసరి: ఆగితే ఏమిటి, మళ్లీ వస్తే ఏమిటి

(రొమ్ము క్యాన్సర్ అవగాహన సభలో ఒక క్యాన్సర్ వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునే రోజుల్లో నెలసరిలో వచ్చే మార్పులు. అంశం చదవగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. వెనక వరుసలో ఉన్న మగవారు ఒకరిద్దరు ఫోన్లు బయటకు తీశారు. ఫోన్లు జేబులో పెట్టండి బాబూ, ఇది మీరు కూడా వినవలసిన విషయమే. మీ ఇంట్లో కీమో తీసుకుంటున్న మనిషికి అర్ధరాత్రి రక్తస్రావం ఎక్కువైతే, ఆమెను ఆసుపత్రికి తీసుకుపోవలసింది మీరే కదా?

వాంతుల గురించి అడగని రోగి ఉండరు, జుట్టు గురించి అడగని రోగి ఉండరు. పెరుగు పెట్టవచ్చా, మాంసం పెట్టవచ్చా, బొప్పాయి ఆకు రసం తాగించమంటారా అని ఇంటివాళ్లు అడుగుతారు. నెలసరి మాట మాత్రం మూడో సైకిల్‌కో నాలుగో సైకిల్‌కో, అంటే మూడో విడతో నాలుగో విడతో కీమో ఎక్కించేటప్పుడు గానీ బయటికి రాదు. అది కూడా డాక్టరు గదిలో కాదు, నర్సు సెలైన్ ఎక్కిస్తుండగా గొంతు తగ్గించి, ‘సిస్టర్, రెండు నెలలుగా డేట్ రాలేదు’ అంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నెలసరి గురించి ఏం అడుగుతాంలే అనుకుంటారు. అడగాలమ్మా. దాని మీద ఆధారపడి మేము రాసే మాత్ర మారుతుంది, చేయించే పరీక్ష మారుతుంది, కొందరి విషయంలో చికిత్స మొదలుపెట్టే రోజే మారుతుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే. కీమోలో నెలసరి ఆగిపోయినంత మాత్రాన అండాశయాలు పని మానేశాయని అనుకోకూడదు. ఆగినది మళ్లీ వచ్చినంత మాత్రాన అండాశయాలు మునుపటిలా అయిపోయాయని కూడా అనుకోకూడదు. మిగిలినదంతా ఈ రెండు మాటల చుట్టూ తిరిగేదే.

ముందుగా శరీరం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాలలో 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి అవి 3, 4 లక్షలకు తగ్గుతాయి. జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి ఓ నాలుగైదు వందలు మాత్రమే. మిగిలినవన్నీ వాటంతట అవే క్షీణించిపోతాయి. కొత్త అండాలు పుట్టడమన్నది ఉండదు. రైతు ఇంట్లో గాదెలో దాచిన విత్తనం వేరు, పొలంలో మొలకెత్తి నిలిచిన పైరు వేరు కదా? అండాశయంలోనూ అంతే. నిద్రాణంగా పడి ఉన్న అండాలు గాదెలోని విత్తనాలు. ప్రతి నెలా కొన్ని మేల్కొని, ఫాలికిల్ అనే చిన్న నీటి బుడగలలో పెరుగుతూ ఉంటాయి, అవి పొలంలోని పైరు. ఆ పెరిగే ఫాలికిల్స్ గోడలలోని కణాలే ఈస్ట్రోజెన్‌ను తయారు చేస్తాయి. ఆ ఈస్ట్రోజెన్ వల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, తర్వాత ఆ పొర ఊడి బయటకు వచ్చేదే నెలసరి.

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను ముందుగా పట్టుకుంటాయి. అందుకే జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముకలలోని మజ్జ దెబ్బతింటాయి. పెరుగుతున్న ఫాలికిల్స్ కణాలు కూడా వేగంగా విభజన చెందేవే కనుక అవి కూడా దెబ్బతింటాయి. పైరు పోయింది, ఈస్ట్రోజెన్ పడిపోయింది, పొర మందం కాలేదు, నెలసరి రాలేదు. ఇది తాత్కాలికమైన ఆగిపోవడం. గాదెలో విత్తనం మిగిలి ఉంటే కొన్ని నెలలకు మళ్లీ మొలకెత్తుతుంది. కొన్ని మందులు మాత్రం గాదెలోకి కూడా చొరబడతాయి. అప్పుడు ఎంత మిగిలిందన్నదే ప్రశ్న.

ఆ చొరబడే మందులలో మొదటిది సైక్లోఫాస్ఫమైడ్. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి డాక్సోరూబిసిన్ అనే ఎర్రమందుతో కలిపి దీనిని ఎక్కిస్తారు. మూడు వారాలకొకసారి గానీ, రెండు వారాలకొకసారి గానీ, నాలుగు సార్లు ఇస్తారు. ఆ తర్వాత ప్యాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు ఉంటుంది. ఎర్రమందు చూసి భయపడతారు గానీ, అండాశయాలకు అంతకంటే ఎక్కువ హాని చేసేది దాని పక్కనే రంగు లేకుండా వేలాడే సైక్లోఫాస్ఫమైడ్ సీసా. మొత్తం మీద ఎంత మోతాదు లోపలికి వెళ్లిందన్నది ముఖ్యం. 1970ల నుంచి చాలాకాలం వాడుకలో ఉన్న సీఎంఎఫ్ అనే పాత పద్ధతిలో, మాత్రల రూపంలో ఆరు సైకిళ్లు ఇచ్చినప్పుడు, ఈ మందు మొత్తం మోతాదు ఇప్పటి నాలుగు సైకిళ్ల మోతాదుకు మూడు రెట్లు దాటేది. అందుకే ఆ తరం స్త్రీలలో నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం ఎక్కువగా ఉండేది. మీ అత్తగారికో పెద్దమ్మకో అప్పట్లో జరిగినది మీకు జరుగుతుందని అనుకోనక్కర్లేదు.

మందు తర్వాత చూడవలసింది వయసు. నిజానికి వయసునే ముందు చెప్పాలి. ఎర్రమందు, సైక్లోఫాస్ఫమైడ్ నాలుగు సైకిళ్లు తీసుకున్నవారిలో, 40 ఏళ్లు దాటినవారికి నెలసరి శాశ్వతంగా ఆగిపోయే అవకాశం నూటికి 40 నుంచి 60 వరకు ఉంటుందని, 40 లోపు వారికి 20 కంటే తక్కువని వైద్య సంఘాలు అంచనా వేశాయి. ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే రోజు పక్కపక్క మంచాల మీద తీసుకున్న ఇద్దరికి రెండు రకాల ఫలితం వస్తుంది. 28 ఏళ్ల అమ్మాయికి ఏడాది లోపే మళ్లీ రావచ్చు. 44 ఏళ్ల ఆవిడకు రాకపోవచ్చు. మన దేశంలో స్త్రీలకు సహజంగానే ముట్లు 46, 47 ఏళ్ల ప్రాంతంలో ఆగిపోతాయి, పాశ్చాత్య దేశాలలో 51 దాకా సాగుతాయి. ఇక్కడ రొమ్ము క్యాన్సర్ వచ్చే వయసు కూడా అక్కడి కంటే దాదాపు పదేళ్లు ముందే ఉంటోంది. కాబట్టి ఈ ప్రశ్న అక్కడికంటే ఇక్కడ ఎక్కువ ఇళ్లలో తలెత్తుతుంది.

ఇక రోగి అనుభవంలోకి వద్దాం. నా దగ్గరకు వచ్చే వారిలో కొందరు గోడ క్యాలెండరునే చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని తెస్తారు. తిథి, వర్జ్యం, రాహుకాలం అచ్చువేసిన ఆ గళ్లలోనే పెన్నుతో గ్యాస్ సిలిండరు వచ్చిన రోజు రాసి ఉంటుంది, పాలవాడికి నాగా పెట్టిన రోజులు రాసి ఉంటాయి, ఒక మూలన ఎవరికీ తెలియకుండా చిన్న చుక్క ఉంటుంది. కీమో రోజుకు సున్నా చుట్టి ఉంటుంది. ఆ చుక్కలను, ఆ సున్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఏ రిపోర్టూ చెప్పని విషయం కనిపిస్తుంది. మొదటి సైకిల్ తర్వాత చుక్క రెండు మూడు రోజులు అటూ ఇటూ జరుగుతుంది. రెండో దాని తర్వాత నలభై రోజులకు ఒక చుక్క, ఆ పక్కన ‘కొంచెమే’ అని రాసి ఉంటుంది. మూడో దాని తర్వాత చుక్కే ఉండదు. కొందరికి దీనికి తలకిందులుగా, మొదటి రెండు నెలలూ మునుపటి కంటే ఎక్కువగా, గడ్డలు గడ్డలుగా పోతుంది. కొందరికి నెలకు రెండుసార్లు కనిపిస్తుంది. 35 లోపు వారిలో కొందరికి కీమో పొడవునా తేదీ తప్పకుండా వస్తూనే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ మందు పనిచేస్తోందనడానికి గానీ, పనిచేయడం లేదనడానికి గానీ గుర్తు కాదు. నెలసరి ఆగలేదు కాబట్టి మందు పట్టలేదేమో అని ఒకావిడ బెంగపెట్టుకున్నారు. అలాంటి సంబంధం లేదమ్మా.

ఇంకొక నమ్మకం ఉంది, దానిని కూడా ఇక్కడే తీసేద్దాం. నెలసరి రాకపోతే చెడు రక్తం లోపలే నిలిచిపోయి, అది మళ్లీ క్యాన్సర్‌కు దారి తీస్తుందని కొందరు పెద్దవాళ్లు భయపెడతారు. వేడి చేస్తాయని, నువ్వులూ బెల్లమూ తినిపిస్తారు. నువ్వులుండ తింటే తప్పు లేదు, తినండి. లోపల నిలిచిపోయిన రక్తం మాత్రం ఏమీ లేదు. పొర తయారు కాలేదు కనుక ఊడి రావడానికి ఏమీ లేదు, అంతే. డేట్ రావడానికని మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని వేసుకోవద్దు. అవి హార్మోన్ మాత్రలు. రొమ్ము క్యాన్సర్ ఉన్న మనిషి మా అనుమతి లేకుండా హార్మోన్ మాత్ర ముట్టకూడదు.

ప్రమాదం ఎక్కడ ఉందో చెబుతాను, ఇది మాత్రం మగవారు, ఆడవారు అందరూ గుర్తుపెట్టుకోండి. కీమో ఎక్కించిన తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య రక్తకణాలు బాగా పడిపోతాయి. తెల్లకణాలు తగ్గుతాయి, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. కార్బోప్లాటిన్ అనే మందు కలిపి ఇచ్చేవారిలో ఇవి మరింత తగ్గుతాయి. ఆ రోజుల్లోనే నెలసరి వస్తే రక్తం ఆగకుండా పోవచ్చు. గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ, అలా వరుసగా రెండు గంటలు జరిగితే తెల్లవారేదాకా చూడకూడదు. దానితో పాటు చిగుళ్ల నుంచి రక్తం గానీ, ఒంటి మీద ఎర్రని చుక్కలు గానీ కనిపిస్తే అసలే ఆగకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, నెలసరి ఉన్నా లేకపోయినా అత్యవసరమే. మన రెండు తెలుగు రాష్ట్రాలలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ముందే ఉంది. అందులో కీమో, దాని మీద నెలకు రెండుసార్లు రక్తస్రావం అంటే మనిషి నిలబడలేదు. అవసరమైతే కొన్నాళ్లు నెలసరి రాకుండా ఇంజెక్షన్ ఇచ్చి ఆపే వీలుంది. రక్తం ఆపడానికని తలనొప్పి మాత్రలో, నొప్పి మాత్రలో సొంతంగా వేసుకోవద్దు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తున్నాను. ఆగినంత మాత్రాన అండాశయం ఆగినట్లు కాదు అన్నాను కదా? దాని వల్ల వచ్చే చిక్కులు మూడు ఉన్నాయి.

మొదటిది గర్భం. నెలసరి రావడం లేదు కనుక గర్భం రాదని భార్యాభర్తలు అనుకుంటారు. లెక్క ఎక్కడ తప్పుతోంది? అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత రెండు వారాలకు వస్తుంది. అంటే, ఆగిపోయిన అండాశయం మేల్కొన్నప్పుడు మొదటి అండం బయటకు వచ్చే రోజుకు మీ క్యాలెండరులో చుక్క ఉండదు. ఆ రోజునే గర్భం నిలిచిందనుకోండి, ఇంకా రాలేదనే అనుకుంటూ మరో రెండు నెలలు గడిచిపోతాయి, ఆ రెండు నెలలూ కీమో ఎక్కుతూనే ఉంటుంది. పిండం అవయవాలు ఏర్పడే మొదటి మూడు నెలలలో కీమో చాలా ప్రమాదకరం. అందుకే కీమోకు ముందు గర్భ పరీక్ష చేస్తాం, కొందరు దానికి చిన్నబుచ్చుకుంటారు, చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. చికిత్స పొడవునా గర్భనిరోధం తప్పనిసరి. మాత్రలు, హార్మోన్ ఇంజెక్షన్లు పనికిరావు. నిరోధ్ వాడాలి, లేదా రాగి ఉన్న కాపర్ టీ వేయించుకోవాలి. ట్యూబెక్టమీ ఆపరేషన్ అయిపోయిన వారికి ఈ బెంగ లేదు. మన దగ్గర చాలామందికి అది అయిపోయే ఉంటుంది.

రెండో చిక్కు మాత్ర గురించి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు పైకి కనిపించదు. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్లతో పెరిగే రకం కణితి అని రిపోర్టులో ఉన్నవారికి కీమో అయ్యాక ఐదేళ్లో, అంతకంటే ఎక్కువో మాత్ర ఉంటుంది. ముట్లు ఉన్నవారికైనా, ఆగినవారికైనా ఇవ్వగలిగినది టామోక్సిఫెన్. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అనే రెండో జాతి మాత్రలు మాత్రం అండాశయాలు పూర్తిగా పని మానేసినవారికే. ఎందుకని? ముట్లుడిగిన తర్వాత ఈస్ట్రోజెన్ కొవ్వులోనూ ఇతర కణజాలంలోనూ కొద్దికొద్దిగా తయారవుతుంది, దానిని ఈ మాత్రలు ఆపుతాయి. అండాశయం బతికి ఉంటే, ఈస్ట్రోజెన్ తగ్గిందన్న కబురు మెదడుకు వెళుతుంది, మెదడు అండాశయాన్ని మరింత గట్టిగా తట్టి లేపుతుంది. సంతానం లేనివారికి అండం పెరగడానికి సంతాన సాఫల్య కేంద్రాలలో ఇచ్చేది ఏ మాత్ర? ఇదే లెట్రోజోల్. అర్థమైందా చిక్కు ఎంత పెద్దదో?

42 ఏళ్ల ఒకావిడ ఫైల్ తీసుకుని నా దగ్గరకు వచ్చారు. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అవసరం లేదు. కీమో మూడో సైకిల్‌కు నెలసరి ఆగింది. కీమో పూర్తయ్యే రోజు డిశ్చార్జి కాగితంలో ‘మెనోపాజ్’ అని ఒక్క ముక్క రాసి, లెట్రోజోల్ మొదలుపెట్టారు. ఆవిడ ఒక్క రోజు కూడా మానకుండా వేసుకున్నారు. ఏడాది తిరగక ముందే ఒకరోజు మామూలుగా నెలసరి వచ్చింది. క్యాన్సర్ గర్భసంచికి పాకిందేమోనని ఇంటిల్లిపాదీ ఏడుస్తూ వచ్చారు. పాకలేదు. రక్తపరీక్షలో ఈస్ట్రాడియోల్, అంటే అండాశయం తయారు చేసే ముఖ్యమైన ఈస్ట్రోజెన్, ఇరవైల వయసు అమ్మాయికి ఉన్నట్లు ఉంది. అంటే ఆ మాత్ర ఆవిడకు రక్షణ ఇవ్వలేదు, పైగా అండాశయాన్ని లేపింది. మాత్ర మార్చాం, అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్ కలిపాం. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నాకు నచ్చింది: ‘నాకు మూడు నెలలు రాలేదనే కదా రాశారు, మూడు నెలలు రాకపోతే చాలా?’ చాలదు. కీమో వల్ల ఆగినప్పుడు మూడు నెలలు చాలదు, ఆరు నెలలు చాలదు, 50 లోపు వయసులో ఏడాది కూడా ఒక్కోసారి చాలదు. రెండేళ్ల తర్వాత వచ్చినవారు ఉన్నారు. ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాన్ని తట్టి లేపే హార్మోన్), ఈస్ట్రాడియోల్ పరీక్షలు ఒక్కసారి కాదు, కొన్ని నెలల వ్యవధిలో మళ్లీ మళ్లీ చేయించాలి. టామోక్సిఫెన్ వాడుతున్నవారిలో ఎఫ్ఎస్‌హెచ్ ఒక్కదాన్నే నమ్మకూడదు. మీ డాక్టరు మాటిమాటికీ రక్తం తీయిస్తున్నారని విసుక్కోకండి. తీయించకుండా ఈ మాత్ర రాస్తే అప్పుడు అడగండి, ఎందుకు తీయించలేదని.

మూడో చిక్కు అచ్చంగా మన తెలుగు నేల చిక్కు. గర్భసంచి తీయించుకున్నవారి సంఖ్యలో దేశంలో మనమే ముందున్నాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 3.2 మందికి ఆ ఆపరేషన్ అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందనో, కడుపునొప్పి అనో, పిల్లలు పుట్టేశారు కనుక ఇక అవసరమేమిటనో ముప్పై ఏళ్లకే తీయించేసుకుంటున్నారు. అలాంటి మనిషికి 40 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వస్తే నెలసరి ఆగిందా అని నేనేమి అడగను? ఆమె క్యాలెండరులో చుక్కలు పదేళ్ల కిందటే ఆగిపోయాయి. గర్భసంచి లేదు గనుక రక్తస్రావం లేదు. అండాశయాలు ఉన్నాయా, తీసేశారా? ‘సంచి తీసేశారండి’ అంటారు. అంతే తెలుసు. పక్కనున్న రెండు అండాశయాలు వదిలేశారా, ఒకటి తీశారా, రెండూ తీశారా అన్నది చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఆ పాత డిశ్చార్జి కాగితం వెతకండి. బీరువాలో చీరల కింద, రేషన్ కార్డు పెట్టిన ప్లాస్టిక్ కవరులో ఎక్కడో ఉంటుంది. దొరకకపోతే స్కానింగ్, రక్తపరీక్షలు చేసి తేల్చుకుంటాం. గర్భసంచి లేదు గనుక ముట్లుడిగినట్లేనని అనుకుని మాత్ర నిర్ణయించకూడదు.

నెలసరి ఆగడం మంచిదా, చెడ్డదా అని అడుగుతారు. మీ కణితి ఏ రకం అన్నదానిని బట్టి ఉంటుంది. 1896లో గ్లాస్గో నగరంలో జార్జ్ బీట్సన్ అనే శస్త్రవైద్యుడు, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తీసివేస్తే కణితి తగ్గిందని ప్రకటించాడు. ఈస్ట్రోజెన్ అనే పేరు కూడా లేని రోజులవి. హార్మోన్ పాజిటివ్ కణితికి ఈస్ట్రోజెన్ ఆహారం, కాబట్టి ఆ రకం ఉన్న వయసులోని స్త్రీలలో, ముఖ్యంగా 35 లోపు వారిలోనూ, కీమో అవసరమైనంత ముప్పు ఉన్నవారిలోనూ, నెలసరి వస్తుంటే మేమే ఇంజెక్షన్లతో ఆపుతాం. గోసెరెలిన్ అనే ఇంజెక్షన్ అయితే 28 రోజులకొకసారి పొట్ట చర్మం కింద ఇస్తారు, సూది కొంచెం లావుగానే ఉంటుంది. పండగ అనో పెళ్లి అనో వారం ఆలస్యం చేయకండి, అండాశయం ఆ సందులోనే లేస్తుంది. అదే ట్రిపుల్ నెగెటివ్ రకం అయితే ఆ కణితికి ఈస్ట్రోజెన్‌తో పని లేదు. నెలసరి వచ్చినందువల్ల క్యాన్సర్‌కు మేలూ లేదు, కీడూ లేదు.

ఇదే ఇంజెక్షన్‌కు మరో ఉపయోగం ఉంది. కీమోకు కనీసం వారం ముందే మొదలుపెట్టి, కీమో పొడవునా కొనసాగిస్తే, అండాశయాలకు కొంత రక్షణ దొరుకుతుంది. 2015లో ప్రచురితమైన పోయెమ్స్ అనే అధ్యయనంలో, హార్మోన్ నెగెటివ్ క్యాన్సర్ ఉన్న స్త్రీలలో, కీమో మాత్రమే తీసుకున్నవారిలో నూటికి 22 మందికి రెండేళ్ల తర్వాత అండాశయాలు విఫలం కాగా, గోసెరెలిన్ కలిపి తీసుకున్నవారిలో 8 మందికి మాత్రమే అలా జరిగింది. మొత్తంగా కాపాడుతుందని చెప్పడం లేదు. పిల్లలు కావాలనుకునే వారికి అండాలను గానీ, పెళ్లయినవారికి పిండాలను గానీ ముందే తీసి గడ్డకట్టించి దాచడమే నమ్మదగిన పద్ధతి. దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు చాలామంది విషయంలో దొరుకుతాయి, కానీ కీమో మొదలుకాక ముందే అడగాలి. ఖర్చు ఎక్కువే, అబద్ధం చెప్పను.

హఠాత్తుగా ఆగినప్పుడు శరీరం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. సహజంగా ముట్లుడిగేవారికి ఈస్ట్రోజెన్ ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతుంది. కీమోలో కొన్ని వారాలలో పడిపోతుంది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, అర్ధరాత్రి జాకెట్టు తడిసేంత చెమట, నిద్ర పట్టకపోవడం, కీళ్లు పట్టేయడం, ఊరికే కన్నీళ్లు రావడం, భర్తతో కలిసినప్పుడు మంట. చివరిది ఎవరూ చెప్పరు, అందుకే నేనే చెబుతున్నాను. దానికి హార్మోన్ లేని జెల్స్ ఉన్నాయి, అడగండి. ఆవిర్లకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి మందులు ఉన్నాయి. పరాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనే రెండు మాత్రం టామోక్సిఫెన్ పనిని దెబ్బతీయగలవు గనుక, వేరే డాక్టరు ఏదైనా మనసు బాగుండటానికి మందు రాస్తే మాకు చూపించండి. ముట్లు ఆగినవారికి ఇచ్చే హార్మోన్ చికిత్స మీకు కాదు. ఎముకల సంగతి ఇంకోటి: చిన్న వయసులోనే ఈస్ట్రోజెన్ పోతే ఎముకలు వేగంగా గుల్లబారతాయి, పైకి ఏ గుర్తూ ఉండదు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ ఒకటి చేయించుకోండి, కాల్షియం, విటమిన్ డి సరిపడా ఉన్నాయో లేదో చూపించుకోండి, రోజూ నడవండి.

మళ్లీ ఎప్పుడు వస్తుంది? వచ్చేవారిలో ఎక్కువమందికి కీమో ముగిసిన ఆరు నెలల నుంచి ఏడాది లోపు వస్తుంది, కొందరికి రెండేళ్లు పడుతుంది. మొదట్లో రెండు నెలలకొకసారి, మరకలా కనిపించి పోవడం మామూలే. టామోక్సిఫెన్ వాడేవారిలో ఆ మాత్ర వల్లనే తేదీలు తప్పుతాయి, కొందరికి అండాశయంలో నీటిగడ్డలు కూడా కనిపిస్తాయి. కానీ ముట్లు పూర్తిగా ఆగిపోయాయని పరీక్షలలో నిర్ధారణ అయినవారికి, టామోక్సిఫెన్ వాడుతుండగా మరక కనిపించినా సరే, గర్భసంచి పొరను పరీక్షించి తీరాలి. ఆ వయసులో ఆ మందు గర్భసంచి పొర క్యాన్సర్ ముప్పును కొద్దిగా పెంచుతుంది. దానిని నెలసరి తిరిగి వచ్చిందిలే అని వదిలేయకూడదు.

చీటీలు వచ్చాయి. చాలావాటికి జవాబు ఇప్పటికే వచ్చేసింది. ఒకటి మాత్రం చదువుతాను: ‘మా అమ్మాయికి 27 ఏళ్లు. కీమో అయి ఏడాది అయింది. నెలసరి సక్రమంగా వస్తోంది. సంబంధాలు చూస్తున్నాం. పిల్లలు పుడతారని అవతలివారికి చెప్పవచ్చా?’

అమ్మా, నెలసరి సక్రమంగా రావడం మంచి విషయమే, కానీ గాదె నిండుగా ఉందని అది చెప్పదు. ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తే మిగిలిన అండాల గురించి కొంత అంచనా వస్తుంది. ఆ సంఖ్య తక్కువగా వచ్చినా గర్భం దాల్చినవారు ఉన్నారు, కాబట్టి అది కూడా తుది తీర్పు కాదు. కీమో పుచ్చుకున్న అండాశయం తోటివారి కంటే కొన్నేళ్లు ముందే ఆగిపోవచ్చు గనుక, పిల్లలు కావాలంటే మరీ వాయిదా వేయకపోవడం మంచిది. హార్మోన్ మాత్రలు వాడుతున్న అమ్మాయి అయితే సొంతంగా మానకూడదు. పాజిటివ్ అనే అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి: 518 మంది స్త్రీలు ఒకటిన్నర నుంచి రెండున్నర ఏళ్లు మాత్ర వాడి, గర్భం కోసం రెండేళ్ల వరకు ఆపి, ఆ తర్వాత మళ్లీ కొనసాగించాలన్న పద్ధతిని పాటించారు. ఆ కొద్ది కాలంలో వారిలో క్యాన్సర్ తిరగబెట్టడం, మాత్ర ఇలా ఆపని అలాంటి స్త్రీల కంటే ఎక్కువగా కనిపించలేదు. టామోక్సిఫెన్ ఆపిన తర్వాత గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం మూడు నెలలు విరామం ఇవ్వాలి. అవతలివారికి ఏం చెప్పాలన్నది మీ అమ్మాయి నిర్ణయించుకోవలసిన విషయం. చీటీ రాసినవారు కణితి రిపోర్టు తీసుకుని, అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని రండి. ఏ రకమో చూడకుండా ఇంతకంటే ముందుకు నేను చెప్పలేను.